బ్లడీ మేరీ నిజంగా అంత రక్తపిపాసా? ఇంగ్లండ్ రాణి దహనాల లెక్క మళ్ళీ ఎందుకు తీస్తున్నారు

బ్లడీ మేరీ అనగానే కొందరికి టమాటా జ్యూస్‌లో వోడ్కా కలిపిన కాక్‌టెయిల్ గుర్తొస్తుంది, హాస్టల్లో పెరిగిన వాళ్ళకి లైట్లు ఆర్పేసి అద్దం ముందు నిలబడి పేరు పిలిస్తే వచ్చే దెయ్యం గుర్తొస్తుంది. పైగా మనకి "బ్లడీ" అంటే పాత సినిమాల్లో తెల్లదొర తిట్టే తిట్టు. అసలు మనిషి మాత్రం ఇంగ్లండ్‌ని 1553 నుంచి 1558 దాకా ఏలిన మొదటి మేరీ, ఎనిమిదో హెన్రీ పెద్దకూతురు, మొదటి ఎలిజబెత్‌కి సవతి అక్క. ఆవిడ పాలనలో దాదాపు 280 మంది ప్రొటెస్టెంట్లని కొయ్యకి కట్టి బతికుండగానే కాల్చారు, ఇందులో ఎవరికీ అనుమానం లేదు.

మరి గొడవ ఎక్కడ? గత 30, 40 ఏళ్ళుగా చరిత్రకారులు ఈ రాణి ఫైలు మళ్ళీ తెరిచారు. దాంతో ఆన్‌లైన్‌లో రెండు బ్యాచ్‌లు తయారయ్యాయి. ఒకళ్ళు ఆవిడ సైకో అంటారు, ఇంకొకళ్ళు అదంతా ప్రొటెస్టెంట్ల ప్రచారం, వాళ్ళ నాన్న 72,000 మందిని చంపాడు, చెల్లెలు కూడా తక్కువేం తినలేదు అంటారు. రెండింట్లోనూ నిజం కాస్త ఉంది, కానీ ఎక్కడ ఎంత ఉందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

పాతికేళ్ళలో నాలుగుసార్లు మారిన మతం

మేరీ 1516 ఫిబ్రవరి 18న పుట్టింది. తల్లి స్పెయిన్ రాజకుమారి కేథరిన్. హెన్రీకి మగపిల్లాడు కావాలి, కేథరిన్‌కి నిలిచింది ఈ ఒక్క ఆడపిల్లే, దాంతో ఆ పెళ్ళి అసలు చెల్లదని ప్రకటించమని రాజు పోప్‌ని అడిగాడు, పోప్ కుదరదన్నాడు. రాజు ఊరుకోలేదు, 1533లో తన సొంత ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ చేత ఆ పెళ్ళి చెల్లదనిపించాడు, మరుసటి ఏడాది ఇంగ్లండ్ చర్చికి పోప్ కాదు నేనే పెద్దని చట్టం చేయించుకున్నాడు. ఈ క్రాన్మర్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

ఆ ఒక్క తీర్పుతో 17 ఏళ్ళ మేరీ యువరాణి కాస్తా అక్రమ సంతానం అయిపోయింది. బిరుదు తీసేసారు, తల్లిని చూడనివ్వలేదు, 1536 జనవరిలో కేథరిన్ చనిపోతే ఆఖరి చూపు కూడా లేదు. ఆ ఏడాదే మా అమ్మానాన్నల పెళ్ళి చెల్లదు అని తన చేత్తోనే సంతకం పెట్టాల్సొచ్చింది, పెట్టకపోతే తల పోతుందని చుట్టూ ఉన్నవాళ్ళు భయపెట్టారు మరి.

హెన్రీ పోప్‌ని కాదన్నాడు గానీ పూజ, ఆచారం చాలావరకు పాత పద్ధతిలోనే ఉంచాడు. 1547లో గద్దెక్కిన తొమ్మిదేళ్ళ కొడుకు ఆరో ఎడ్వర్డ్ హయాంలో మాత్రం దేశం పూర్తిగా ప్రొటెస్టెంట్ వైపు తిరిగింది. లాటిన్ పూజ పోయింది, ఇంగ్లీషు ప్రార్థన పుస్తకం వచ్చింది, బలిపీఠాలు పగలగొట్టారు, గోడల మీద పునీతుల బొమ్మలకి సున్నం కొట్టేసారు. ఎడ్వర్డ్ 1553 జులై 6న పోయాడు, బంధువుల అమ్మాయి జేన్ గ్రేని రాణిగా ప్రకటించారు, మేరీ జనాన్ని కూడగట్టుకుని రెండు వారాల్లోపే గద్దె ఎక్కింది, లండన్ వీధుల్లో సంబరాలు చేసుకున్నారు. అప్పటికి ఆవిడకి 37. అంటే జనం ఆవిడని మొదట్నుంచీ ద్వేషించారన్నది తప్పు, ముందు ఆవిడ గెలిచిందే జనం అండతో.

ఇప్పుడు 1520లో పుట్టిన ఒక సాదా రైతుని ఊహించుకోండి. పుట్టినప్పుడు పోప్ చర్చి, పెళ్ళీడుకి రాజు చర్చి, ముప్ఫై నాటికి ప్రొటెస్టెంట్ చర్చి, మేరీ రాగానే మళ్ళీ పోప్, నలభై నిండకుండానే ఎలిజబెత్ వచ్చి మళ్ళీ ప్రొటెస్టెంట్. యథా రాజా తథా ప్రజా అని మనవాళ్ళు సామెతగా అన్నది యూరప్‌లో నిజంగానే రూలు అయింది, 1555లో జర్మన్ సంస్థానాలు ఆగ్స్‌బర్గ్‌లో కుదుర్చుకున్న ఒప్పందం సారాంశం అదే, పాలకుడి మతమే ఆ రాజ్యం మతం. ఒకే దేశంలో రెండు మతాలుంటే ఒకే ఒరలో రెండు కత్తులు అన్నట్టే చూసేవాళ్ళు, కాథలిక్కులూ అంతే ప్రొటెస్టెంట్లూ అంతే.

రొట్టె ముక్క మీద ప్రాణాలు ఎందుకు పోయాయి

చరిత్ర పుస్తకాల్లో కనపడే "హెరెసీ" అన్న మాటకి మన తెలుగు క్రైస్తవుల్లో వాడే మాట దుర్బోధ. అంటే బయటి మతం కాదు, బాప్తిస్మం తీసుకున్నవాడే చర్చి చెప్పిన సత్యాన్ని తెలిసి కూడా మొండిగా కాదనడం. మొండిగా అన్నది ఇక్కడ కీలకం, ఎందుకంటే పొరపాటు పడినవాడికి దిద్దుకునే అవకాశం ఇస్తారు, దిద్దుకోను అన్నవాడికే శిక్ష.

మేరీ కాలంలో విచారణకి వచ్చిన వాళ్ళని అడిగిన ముఖ్యమైన ప్రశ్న ఒకటే, బలిపీఠం మీద రొట్టె పూజలో నిజంగా క్రీస్తు శరీరంగా మారుతుందా లేదా. గుంటూరు జిల్లాలో ఆర్సీఎం వాళ్ళూ లూథరన్ వాళ్ళూ పక్కపక్కన ఉండే ఊళ్ళో పెరిగినవాళ్ళకి ఈ తేడా కొంత తెలిసే ఉంటుంది. ఒకళ్ళు దివ్యసత్ప్రసాదం అంటారు, ఇంకొకళ్ళు ప్రభు భోజనం, సంస్కారం, బల్ల అంటారు, ఫాదర్ గారు వేరు, పాస్టర్ గారు వేరు. ఇవాళ అది మహా అయితే పెళ్ళి సంబంధాల దగ్గర కాస్త గుసగుస. 1555లో ఆ ప్రశ్నకి "కాదు, అది రొట్టే" అంటే చావు. (లూథరన్లు కూడా రొట్టెలో క్రీస్తు ఉన్నాడనే అంటారు, రొట్టె రొట్టెగా కూడా మిగులుతుందంటారు. ఎడ్వర్డ్ కాలం ఆఖర్లో ఇంగ్లండ్ ప్రొటెస్టెంట్లు ఇంకా ముందుకెళ్ళిపోయారు, ఆ లోతుల్లోకి ఇప్పుడొద్దు.)

చట్టం కూడా మేరీ కొత్తగా కనిపెట్టింది కాదు, 1401 నాటి పాత చట్టం. ఎడ్వర్డ్ కాలంలో రద్దయింది, మేరీ పార్లమెంట్ 1554 డిసెంబర్‌లో తిరిగి తెచ్చింది, 1555 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. పని జరిగే తీరు ఇలా ఉండేది. ఊరి పెద్దలో ఇరుగుపొరుగో ఫిర్యాదు చేస్తారు, బిషప్ కోర్టు విచారిస్తుంది, తప్పయిపోయిందని ఒప్పుకుని చెంపలేసుకుంటే మొదటిసారికి వదిలేస్తారు, ఒప్పుకోకపోతే దోషి అని తేల్చి షెరీఫ్‌కి, అంటే ప్రభుత్వం తరఫు జిల్లా అధికారికి, అప్పగిస్తారు. చర్చి రక్తం చిందించకూడదు కాబట్టి మంట పెట్టేది ప్రభుత్వం. చేతికి మట్టి అంటకుండా చేసుకున్న ఏర్పాటు అన్నమాట.

డెర్బీలో ఒక గుడ్డి అమ్మాయి

లెక్కల్లోకి వెళ్ళేముందు ఒక మనిషిని చూద్దాం. జోన్ వేస్ట్, డెర్బీ ఊరు, పుట్టుగుడ్డి. తండ్రి మంగలి పనితోపాటు తాళ్ళు పేనేవాడు, ఈ అమ్మాయి తాళ్ళు పేనడంలో సాయం చేసేది, మేజోళ్ళు అల్లేది. ఎడ్వర్డ్ కాలంలో ఇంగ్లీషు ప్రసంగాలు విని విని కూలి డబ్బులు కూడబెట్టి ఒక కొత్త నిబంధన కొనుక్కుంది. కొనుక్కుంది గానీ చదవలేదు కదా, అందుకని ఊళ్ళో జైల్లో ఉన్న ఒక ముసలాయన దగ్గరికి రోజూ వెళ్ళి ఒక అధ్యాయం చదివించుకునేది, ఆయనకి ఒంట్లో బాగోనప్పుడు ఇంకెవరికైనా ఒక పెన్నీయో రెండో ఇచ్చి ఈ డబ్బుకి ఇన్ని అధ్యాయాలు అని బేరం కుదుర్చుకుని చదివించుకునేది. అలా వింటూనే చాలా భాగాలు కంఠతా పట్టేసింది.

మేరీ కాలంలో బిషప్ ముందు నిలబెట్టారు, రొట్టె ప్రశ్న అడిగారు, ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. 1556 ఆగస్టు 1న తోడబుట్టినవాడి చెయ్యి పట్టుకుని నడిచి వెళ్ళింది, ఊరి బయట గుంట దగ్గర కాల్చేసారు. వయసు 22.

ఈ అమ్మాయి రాజద్రోహి కాదు, కుట్ర లేదు, కత్తి లేదు. పునర్మూల్యాంకనం అని ఎంత చెప్పుకున్నా ఈ అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి అది ఆగిపోవాల్సిందే అని నాకనిపిస్తుంది, కానీ అది నా మాట, వ్యాసం ముందుకెళ్ళాలి.

ఎంతమంది, ఎవరు, ఎక్కడ

మొదట కాలినవాడు జాన్ రోజర్స్, లండన్ స్మిత్‌ఫీల్డ్‌లో, 1555 ఫిబ్రవరి 4. పదకొండు మంది పిల్లల తండ్రి. ఆఖరివాళ్ళు 1558 నవంబర్‌లో. ఈ 45 నెలల్లో దాదాపు 284 మంది అని ఎక్కువగా చెప్పే లెక్క, ఒకరిద్దరు అటూ ఇటూ, ఇంకొందరు జైల్లోనే పోయారు. 284ని 45తో భాగిస్తే నెలకి ఆరుగురికి పైనే. కాలినవాళ్ళలో 50 మందికి పైగా ఆడవాళ్ళు. క్రాన్మర్, రిడ్లీ, లాటిమర్, హూపర్, ఫెరార్ అని ఐదుగురు బిషప్ స్థాయి వాళ్ళున్నారు గానీ ఎక్కువమంది నేతపనివాళ్ళు, కూలీలు, చిన్న వ్యాపారులు, వాళ్ళ భార్యలు.

ఇవి దేశమంతా సమానంగా జరగలేదు. లండన్, ఎసెక్స్, కెంట్, ససెక్స్ అంటే ఆగ్నేయ మూల కిక్కిరిసి ఉంటాయి. 1556 జూన్‌లో లండన్ పక్కన స్ట్రాట్‌ఫర్డ్‌లో ఒకేరోజు 13 మంది, 1557 జూన్‌లో లూయిస్ ఊళ్ళో పదిమంది. ఉత్తరాన దాదాపు లేవు. ప్రొటెస్టెంట్లు ఎక్కువున్నది ఆగ్నేయంలోనే కాబట్టి అలా జరిగిందా, లేక అక్కడి అధికారులకి ఉత్సాహం ఎక్కువా? రెండూ ఉన్నాయి. అందుకే దేశంలో చాలామంది మంట చూడకుండానే ఆ ఐదేళ్ళూ గడిపేసారు, లండన్ వాడికి మాత్రం అది మార్కెట్‌కి వెళ్ళేదారిలో కనపడేది.

ఇంకో 800 మంది దాకా దేశం వదిలి ఫ్రాంక్‌ఫర్ట్, జ్యూరిక్, జెనీవా లాంటి చోట్లకి పారిపోయారు. డబ్బూ పరిచయాలూ ఉన్నవాడు పడవెక్కాడు, లేనివాడు దొరికిపోయాడు.

ఇదంతా రాణి ఒక్కదాని పనా

పాత కథలో మేరీ స్పెయిన్ మొగుడి మాట విని ఇదంతా చేసింది. 1554 జులైలో ఆవిడ స్పెయిన్ యువరాజు ఫిలిప్‌ని పెళ్ళి చేసుకున్న మాట నిజం, ఆ పెళ్ళి వార్తకే ఆ ఏడాది మొదట్లో వయట్ అనేవాడి నాయకత్వంలో తిరుగుబాటు వచ్చిన మాటా నిజం. కానీ దహనాలు మొదలైన వారానికే ఫిలిప్ వెంట వచ్చిన స్పానిష్ సన్యాసి అల్ఫోన్సో దె కాస్త్రో ఇది తప్పని ప్రసంగం చేసాడు. రోజర్స్‌ని కాల్చిన మర్నాడే ఫిలిప్ తండ్రి, చక్రవర్తి ఐదో చార్లెస్ రాయబారి రెనార్ ఫిలిప్‌కి ఉత్తరం రాసాడు, జనం ఏడుస్తున్నారు, బూడిద, ఎముకలు ఏరుకుని దాచుకుంటున్నారు, తొందరపడితే తిరుగుబాటు వస్తుంది అని. ఈ స్పానిష్ పక్షం వాళ్ళకి దయ పొంగిపొర్లి కాదు లెండి, వీళ్ళ ఏలుబడిలోనే నెదర్లాండ్స్‌లో 1523 నుంచి 1566 లోపు కనీసం 1,300 మందిని ఇదే నేరం మీద చంపారు. వాళ్ళ భయం రాజకీయం.

మరి ఎవరు? రాణి పెద్దమంత్రి (ఛాన్సలర్) గార్డినర్ మొదట్లో ముందున్నాడు, నలుగురు పెద్దల్ని కాలిస్తే మిగతావాళ్ళు దారికొస్తారనుకున్నాడు, రాకపోయేసరికి ఉత్సాహం తగ్గింది, 1555 నవంబర్‌లో చనిపోయాడు. లండన్ బిషప్ బాన్నర్ పేరు ప్రొటెస్టెంట్ కథల్లో కసాయివాడిగా మిగిలింది, కానీ ఆ కథల్లోనే ఇంకో సంగతి ఉంది. విలియం హంటర్ అని 19 ఏళ్ళ కుర్రాడు, పట్టు నేతపని నేర్చుకునేవాడు, అతనితో బాన్నర్ నువ్వు మాట మార్చుకో, 40 పౌండ్లిచ్చి సొంత దుకాణం పెట్టిస్తా అన్నాడు. అప్పట్లో అది పెద్ద డబ్బు. కుర్రాడు కాదన్నాడు, కాల్చేసారు. చంపడమే లక్ష్యమైతే 40 పౌండ్ల బేరం ఎందుకు అని కొత్త చరిత్రకారులు అడుగుతారు. బేరం కుదరకపోతే కాల్చారుగా అని పాతవాళ్ళు అంటారు. నాకైతే రెండూ ఒకే మాటలా వినపడతాయి.

రోమ్ నుంచి వచ్చిన కార్డినల్ పోల్ మొత్తం చర్చిని తిరిగి కట్టే పని చూసాడు, ప్రసంగాలు, పుస్తకాలు, ఫాదర్లకి చదువు. అయినా ఆపే అధికారం ఉన్న ఒకే ఒక్క మనిషి రాణి, ఆపలేదు. ఆవిడ మంత్రిమండలికి రాసిచ్చిన ఒక కాగితం మిగిలింది, అందులో దుర్బోధకుల్ని శిక్షించేటప్పుడు తొందరపాటు వద్దు, లండన్‌లో కాల్చేటప్పుడు మండలి సభ్యులు కొందరు దగ్గరుండాలి, అక్కడే మంచి ప్రసంగాలు చెప్పించాలి అని ఉంటుంది. పిచ్చిదాని రాత కాదది, నమ్మిన పనిని పద్ధతిగా చెయ్యాలనుకున్న మనిషి రాత. అది మంచిదా ఇంకా భయంకరమా అనేది ఎవరికి వాళ్ళు తేల్చుకోవచ్చు.

సమర్థించేవాళ్ళు కూడా తడబడే కేసు

ఇక క్రాన్మర్. మేరీ తల్లి పెళ్ళి రద్దు చేసినవాడు. జేన్ గ్రేని రాణిని చెయ్యడానికి సంతకం పెట్టిన కేసులో అప్పటికే రాజద్రోహి అని తీర్పొచ్చింది, మెడ కొట్టించొచ్చు. కానీ మేరీ ప్రభుత్వం అతన్ని ద్రోహిగా కాదు దుర్బోధకుడిగా శిక్షించాలనుకుంది. ఆక్స్‌ఫర్డ్ జైల్లో ఒకటి తర్వాత ఒకటి పెంచుకుంటూ ఆరు ఒప్పుకోలు పత్రాలు రాసాడు, పోప్‌ని ఒప్పుకున్నాడు, అన్నీ ఒప్పుకున్నాడు. మామూలుగా అయితే ఇంత లొంగినవాడిని వదలాలి. వదల్లేదు.

1556 మార్చి 21న చర్చిలో జనం ముందు ఆఖరిసారి ఒప్పుకోలు చదవాలి. ఆయన చదువుతూ చదువుతూ అడ్డం తిరిగాడు, నేను రాసిందంతా ప్రాణభయంతో రాసిన అబద్ధం, ఆ రాసిన చెయ్యి ముందు కాలాలి అన్నాడు. కొయ్య దగ్గరికి లాక్కెళ్ళారు, మంట అంటుకోగానే కుడిచెయ్యి చాపి అందులో పెట్టాడు. లొంగినవాడిని వదిలేసి ఉంటే ప్రొటెస్టెంట్లు తలెత్తుకోలేకపోయేవాళ్ళు. రాజకీయంగా చూసినా న్యాయంగా చూసినా ఇది దండగ పని, ఇక్కడ సొంత పగ లేదని చెప్పడం కష్టం.

నాన్న లెక్క, చెల్లి లెక్క

ఇప్పుడు ఆన్‌లైన్‌లో అందరూ కొట్టుకునే అంకెలు. ముందు ఆ 72,000. ఇది హెన్రీ కాలంలో ఉరితీసిన దొంగలూ దిమ్మరుల సంఖ్య అని 1570ల్లో అచ్చయిన ఒక దేశ వర్ణనలో వినికిడిగా రాసిన అంకె, మతానికి సంబంధం లేదు, రికార్డుల ఆధారమూ లేదు. దాన్ని మేరీ 284 పక్కన పెట్టడం అంటే కిలోలనీ కిలోమీటర్లనీ కూడటమే.

హెన్రీ మతం పేరుతో చంపలేదని కాదు. 1535లో థామస్ మోర్, బిషప్ ఫిషర్, కార్తూసియన్ సన్యాసులు. ఉత్తరాది తిరుగుబాటు తర్వాత 1537లో 200 మంది దాకా. 1540 జులై 30న అయితే స్మిత్‌ఫీల్డ్‌లో ఒకేరోజు ముగ్గురు ప్రొటెస్టెంట్లని దుర్బోధ కింద కాల్చి, ముగ్గురు కాథలిక్కుల్ని పోప్‌ని సమర్థించినందుకు ద్రోహులుగా చీల్చి చంపించాడు.

ఎలిజబెత్ కాలంలో దాదాపు 190 మంది కాథలిక్కులు, ఎక్కువమంది ఫాదర్లు, వాళ్ళకి ఆశ్రయమిచ్చిన ఇంటివాళ్ళు. యార్క్‌లో కసాయి కొట్టు వాళ్ళ ఇల్లాలు మార్గరెట్ క్లిథరోని 1586లో తలుపు కింద పడుకోబెట్టి పైన బరువులు పెట్టి నలిపి చంపారు. 190ని 44 ఏళ్ళకి పంచితే ఏడాదికి నలుగురు, మేరీది ఏడాదికి 75. ఈ లెక్కలో మేరీ చాలా ఘోరం.

కానీ 1569లో ఉత్తరాదిలో పాత మతం తిరిగి తెస్తామని లేచిన తిరుగుబాటుని అణిచాక ఎలిజబెత్ ప్రభుత్వం కొన్ని వందలమందిని ఉరితీసింది, 700 మందిని తీయమని ఆర్డరిచ్చారు. ఆ ఉరుల్ని కూడా మతం డబ్బాలో వేస్తే అంకె మేరీని దాటిపోతుంది. వేయకపోతే దాటదు. అలా వేస్తే మేరీ డబ్బాలో కూడా వయట్ తిరుగుబాటు ఉరులు ఒక వంద దాకా వేయాలి మరి. అంటే ఎవరు ఎక్కువ చంపారన్న ప్రశ్నకి జవాబు అంకెల్లో లేదు, డబ్బా మీద ఏ లేబుల్ అంటించామన్న దాంట్లో ఉంది.

ఆ లేబుల్ దగ్గరే అసలు కిటుకు. ఎలిజబెత్ ప్రభుత్వం మేం ఎవరినీ మతం కోసం చంపడం లేదు, ద్రోహులనే చంపుతున్నాం అని గట్టిగా వాదించింది. 1570లో పోప్ ఎలిజబెత్‌ని వెలివేసి, ప్రజలు ఆవిడకి విధేయంగా ఉండక్కర్లేదని ప్రకటించాడు, కాబట్టి ఆ వాదన పూర్తిగా బుకాయింపు కాదు. కానీ 1585 చట్టం ప్రకారం విదేశంలో గురుపట్టం తీసుకుని ఇంగ్లండ్‌లో అడుగుపెట్టడమే రాజద్రోహం, కుట్ర చెయ్యక్కర్లేదు, వస్తే చాలు. మేరీ మతాన్ని మతమనే పిలిచి చంపింది, ఎలిజబెత్ రాజకీయం అని పిలిచి చంపింది, తర్వాతి తరాలకి రెండోదే తెలివైన పనిగా, కాస్త తక్కువ పాపంగా కనిపించింది.

కథ రాసింది ఎవరు

జాన్ ఫాక్స్. మేరీ కాలంలో పారిపోయిన 800 మందిలో ఒకడు. 1563లో దాదాపు 1800 పేజీల హతసాక్షుల గ్రంథం అచ్చేయించాడు, మంటల బొమ్మలతో సహా. (హతసాక్షి అన్నది మన ప్రొటెస్టెంట్ల మాట, కాథలిక్కులు వేదసాక్షి అంటారు, చూడండి ఆ చీలిక తెలుగు నిఘంటువు దాకా వచ్చింది.) 1571లో దాన్ని కథీడ్రల్స్‌లో పెట్టాలని చర్చి పెద్దలు నిర్ణయించారు, చదువురానివాళ్ళు బొమ్మలు చూసేవాళ్ళు. "బ్లడీ మేరీ" అన్న పేరు ఆవిడ బతికుండగా లేదు, ఈ పుస్తకం పెంచిన తరాలు తర్వాత పెట్టుకున్నదే.

ఫాక్స్ అబద్ధాలకోరా? కాదు, బిషప్ కోర్టుల రికార్డులు, ఉత్తరాలు, చూసినవాళ్ళ సాక్ష్యాలు పోగేసాడు, తర్వాతి ఎడిషన్లలో తప్పులు దిద్దాడు. జోన్ వేస్ట్ సంగతి మనకి తెలిసింది కూడా ఆయన వల్లే. కానీ ఏరి రాసాడు. కాలినవాళ్ళలో కొందరికి త్రిత్వం మీదా శిశు బాప్తిస్మం మీదా ఉన్న నమ్మకాలు ఎలాంటివంటే ఎడ్వర్డ్ ప్రొటెస్టెంట్ చర్చి కూడా వాళ్ళని వదిలేది కాదు, ఆ వివరాలు మెల్లగా తగ్గించేసాడు. ఎడ్వర్డ్ కాలంలో నిజంగానే ఇద్దరిని కాల్చారు, 1550లో జోన్ బోషర్, మరుసటి ఏడాది ఇంకొకతన్ని. ఫాక్స్ చెప్పిన ఒక సంగతి నాకు మర్చిపోవడం కుదరదు. జోన్ బోషర్‌ని కాపాడమని ఒక స్నేహితుడు జాన్ రోజర్స్‌ని బతిమాలితే, కాల్చడం అంత క్రూరమైన శిక్షేం కాదులే అన్నాడట. ఆ రోజర్సే ఐదేళ్ళకి మేరీ మంటల్లో మొదటివాడు.

ఫాక్స్ మాత్రం మాట మీద నిలబడ్డాడు, 1575లో ఎలిజబెత్ ఇద్దరు అనబాప్టిస్టుల్ని, అంటే శిశు బాప్తిస్మం చెల్లదనేవాళ్ళని, కాల్చబోతుంటే వద్దని ఉత్తరం రాసాడు. రాణి వినలేదు.

చరిత్రకారులు ఇప్పుడు ఎక్కడ తేడా పడుతున్నారు

చాలాకాలం నడిచిన వాదన ఏ.జి. డికెన్స్ లాంటివాళ్ళది. ఇంగ్లండ్ జనం అప్పటికే పాత మతంతో విసిగిపోయారు, మేరీ కాలానికి ఎదురీదింది, మంటలు పెట్టి ఉన్న మంచి కూడా పోగొట్టుకుంది అని. 1980ల నుంచి కథ తిరగబడింది. ఈమన్ డఫీ లాంటివాళ్ళు పల్లెటూరి చర్చిల ఖాతాపుస్తకాలు తిరగేసారు, పాత పూజ తిరిగి రాగానే జనం దాచిపెట్టిన విగ్రహాలు, వస్త్రాలు బయటికి తీసారని, సొంత డబ్బుతో బలిపీఠాలు కట్టుకున్నారని చూపించారు. డఫీ ఇంకో అడుగు ముందుకేసి దహనాలు కూడా పనిచేసాయన్నాడు, లొంగినవాళ్ళు ఎంతోమంది, 1558 నాటికి సంఖ్య తగ్గింది ఎందుకంటే ఎదిరించేవాళ్ళు అయిపోతున్నారు. పని చేసింది అంటున్నాడు గానీ మంచి పని అనడం లేదు, ఆన్‌లైన్‌లో చాలామంది ఈ తేడా మింగేస్తారు.

దీనికి ఎదురు వాదన కూడా బలంగానే ఉంది. తగ్గింది జనం మారి కాదు, స్థానిక అధికారులకి మనసు రాక అంటారు. 1558 జులై ఆఖర్లో హాంప్‌షైర్‌లో థామస్ బెంబ్రిజ్ అనే అతను మంట అంటుకున్నాక భయపడి ఒప్పేసుకుంటా అని అరిచాడు, షెరీఫ్ మంట ఆర్పించి కిందికి దింపాడు. మంత్రిమండలి ఏం చేసింది? బెంబ్రిజ్‌ని మళ్ళీ కాల్చమంది, షెరీఫ్‌ని లండన్ పిలిపించి ఫ్లీట్ జైల్లో పెట్టింది. అధికారి జాలిపడ్డాడు, పై ఆఫీసు జాలిపడలేదు. ఈ ఒక్క ఘటనలో డఫీకీ సాక్ష్యం ఉంది, జనం లొంగుతున్నారు కదా. ఆయన్ని కాదనేవాళ్ళకీ ఉంది, షెరీఫ్‌కే ఇష్టం లేదు కదా.

పైగా మేరీకి టైమ్ కలిసిరాలేదు. పంటలు పోయాయి, 1557, 58ల్లో జ్వరాలు దేశాన్ని ఊపేసాయి, 1558 జనవరిలో ఫ్రాన్స్ గడ్డ మీద ఇంగ్లండ్‌కి మిగిలిన ఒకే ఒక్క ఊరు, కాలే (Calais), చేజారిపోయింది, కడుపు పండిందనుకున్నది రెండుసార్లూ ఉత్తిదే అయింది. బిడ్డ పుట్టి ఇంకో ఇరవయ్యేళ్ళు బతికి ఉంటే ఇంగ్లండ్ కాథలిక్‌గా ఉండిపోయేదా అన్నది అందరూ ఆడుకునే ఆట, నేను ఆడను.

ఆఖరి వారం సంగతి మాత్రం చెప్పాలి. 1558 నవంబర్ మొదటికల్లా మేరీ మంచం దిగలేని స్థితి, చెల్లెల్నే వారసురాలిగా ఒప్పుకుంది, ఆ చెల్లెలు ఏ వైపో ఆస్థానంలో అందరికీ తెలుసు, దర్బారీలు అప్పుడే ఎలిజబెత్ ఉన్న హాట్‌ఫీల్డ్ దారి పట్టారు. కార్డినల్ పోల్ కూడా జ్వరంతో పడుకున్నాడు, రాణి పోయిన రోజే కొన్ని గంటల తేడాలో ఆయనా పోయాడు. ఆ నవంబర్ 10న, పోల్ సొంత పీఠం కాంటర్‌బరీలో, ముగ్గురు మగవాళ్ళనీ ఇద్దరు ఆడవాళ్ళనీ కొయ్యలకి కట్టి కాల్చారు. పై ఇద్దరూ ఆఖరి రోజుల్లో ఉన్నా ఫైలు కదిలింది, కట్టెలు వచ్చాయి, పని అయిపోయింది. మేరీ పోయింది 17న, ఏడు రోజుల తర్వాత.